నిలబడ్డ కారూ ఊపిరి వదులుతుంది

కారు కదలకపోతే పొగ ఉండదు, పొగ లేకపోతే కాలుష్యం ఉండదు అనుకుంటాం. కానీ పెట్రోలుకు మండడమే కాదు, ఆవిరైపోవడమూ తెలుసు. రోహిణీకార్తె ఎండలకు ట్యాంకు వేడెక్కితే ఆ ఆవిరి బయటికి దారి వెతుక్కుంటుంది. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. మిగతా హైడ్రోకార్బన్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోనే, నేల దగ్గరుంటే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మా పిల్లలు పడుకునే గది పోర్టికోను ఆనుకునే ఉంటుంది. ఓ వేసవి రాత్రి కిటికీ తెరిస్తే గుప్పుమని పెట్రోలు వాసన! వెతికితే కారు కింద ఒక్క చుక్క కూడా కారలేదు. మర్నాడు మెకానిక్ చూసి, క్యానిస్టర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగిలిందన్నాడు. అప్పుడు చూపించాడు, ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బాని.

దాన్నిండా బొగ్గే. వంటింట్లో వాటర్ ఫిల్టర్‌లో ఉండే యాక్టివేటెడ్ కార్బన్ లాంటిదే. కంటికి కనిపించని రంధ్రాలు అందులో కోకొల్లలు. ఒక్క గ్రాము బొగ్గులోని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా, అంటే దాదాపు పావెకరం అవుతుంది! ట్యాంకులోంచి వచ్చే ఆవిరి అక్కడ చిక్కుకుంటుంది. బండి నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే, ఇంజిన్ పీల్చే గాలి ఆ ఆవిరిని లాక్కెళ్లి కాల్చేస్తుంది. బొగ్గు మళ్లీ ఖాళీ. రాత్రి దొంగను పట్టుకుని, పొద్దున్నే వాడితో పని చేయించుకోవడమన్నమాట! కాలిఫోర్నియాలో 1970 మోడల్ కార్ల నుంచే ఆవిరిని అడ్డుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది.

ఈ బొగ్గుకు ఆవిరి పడుతుంది గానీ పెట్రోలే నేరుగా వచ్చి పడితే తట్టుకోలేదు. బంకులో నాజిల్ ‘టక్’మని ఆగాక కూడా ‘రౌండ్ ఫిగర్ చేసేయ్ బాబూ’ అంటామే, ఆ అదనపు పెట్రోలు ఆవిరి గొట్టంలోంచి క్యానిస్టర్‌లోకి చేరొచ్చు. తడిసిన బొగ్గు ఇక ఆవిరిని పట్టలేదు. పెట్రోలు కొట్టించిన వెంటనే బండి మొరాయిస్తుంటే కారణం ఇదీ కావచ్చు.

మూత గట్టిగా బిగించడం, ‘టక్’మనగానే ఆపమనడం... మన వంతు పని ఇంతే. అయినా ఇంటి దగ్గర వాసన వస్తుంటే కిటికీ మూసుకుంటే సరిపోదు, మెకానిక్‌ను పిలవాలి.