అడ్డు

‘అడ్డు’ అన్న మాట వినకుండా మన ఆడవాళ్ళకి ఒక్క రోజైనా గడుస్తుందా చెప్పండి! బయల్దేరితే పిల్లి అడ్డు. పెద్దవాళ్ళ మధ్య నోరు విప్పితే మాటకి అడ్డు. చదువుకి పెళ్ళి అడ్డు, ఉద్యోగానికి పిల్లలు అడ్డు. ఇన్ని అడ్డుల్లో చట్టం పట్టించుకునేది దేన్నో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు ఓ నవల రాస్తుండగా పుట్టింది.

శిక్షాస్మృతి ముందేసుకుని కూర్చున్నాను. వెళ్ళే హక్కున్న వైపు ఒక మనిషిని వెళ్ళనివ్వకుండా కావాలని అడ్డగించడం ‘అక్రమ నిరోధం’. 1860 నాటి చట్టంలో అది 339వ సెక్షను. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 126. నెల్లాళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జుల్మానా, లేదా రెండూ. నాలుగువైపులా కదలకుండా కట్టడి చేస్తే అది ఉత్త నిరోధం కాదు, ‘అక్రమ నిర్బంధం’. జైలు ఏడాది దాకా.

అడ్డగించడమంటే చేతులు చాచి నిలబడడమే కాదట. మేడెక్కిన మనిషి దిగకుండా నిచ్చెన తీసేసినా నిరోధమే. ఇంట్లోవాళ్ళు బయటికెళ్ళిన సమయం చూసి వీధి తలుపుకి తాళం వేసి, వాళ్ళని లోపలికి రానివ్వకపోయినా నిరోధమే. ఈ రెండూ పాత తీర్పుల్లో ఉన్నవే.

ఆ తాళం దగ్గర నా చూపు ఆగిపోయింది. మా వీధిలో ఓ అమ్మాయి పురిటికెళ్ళి పసిగుడ్డుతో తిరిగొస్తే, అత్తవారింటి గేటుకి కొత్త తాళం! చీకటి పడేదాకా గేటు ముందే నిలబడింది. మర్నాడు నా దగ్గరికొచ్చి, “నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు పిన్నిగారూ. ఏమని చెప్పుకోను?” అంది.

“కొడితేనే నేరమా తల్లీ!” అన్నాను. 2005 నాటి గృహహింస చట్టంలో 17వ సెక్షను చదివి వినిపించాను. కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆడదానికి ఉంది; ఆ ఇల్లు ఆమె పేర లేకపోయినా సరే. చట్టప్రకారం తప్ప వెళ్ళగొట్టడానికి వీల్లేదు. మేజిస్ట్రేటు దగ్గర ఉత్తర్వు కోరవచ్చు. అందుకు సాయపడడానికి రక్షణాధికారులున్నారు.

పిల్లాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, సెక్షను నెంబరు కాగితమ్మీద రాయించుకుంది. “అయితే దీనికీ ఓ పేరుందన్నమాట” అంది మెల్లిగా.

పేరున్న కష్టాన్ని నలుగురికీ చెప్పుకోవచ్చు. పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు పెద్దలు. తాళం ఎదురైతే మాత్రం కూర్చోకండి!