తాబేటి డిప్ప, చెవి యంత్రం

పిల్లలూ! శ్రీకాకుళం పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో శ్రీకూర్మం అనే గ్రామం ఉన్నది. అక్కడి ఆలయంలో విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. నల్లని డిప్పమీద పసుపుపచ్చని చారలు నక్షత్రాలలాగా ఉంటాయి కనుక వాటికా పేరు.

మొన్న మా మనుమణ్ణి అక్కడికి తీసుకువెళ్ళాను. వాడు పుట్టు చెవిటి. రెండో ఏట శస్త్రచికిత్స చేసి, కాక్లియర్ ఇంప్లాంట్ అనే యంత్రం అమర్చారు. తాబేళ్ళను చూడటానికి వంగేసరికి కమ్మీ తగిలి, చెవి వెనుక అంటుకుని ఉండే బిళ్ళ జారిపోయింది. "బాబూ!" అని రెండుసార్లు పిలిచాను. పలకలేదు. బిళ్ళ తిరిగి పెట్టగానే వాడి ముఖం వికసించింది.

"తాతయ్యా, గుడిగంట మోగుతోంది! యంత్రం నా తలలోనే ఉన్నదిగా, బిళ్ళ జారితే ఎందుకు వినబడదు?" అన్నాడు.

ఎందుకంటే, లోపలి భాగంలో బ్యాటరీ లేదు. ఉంటే, అది పాడైనప్పుడు మళ్ళీ కోయవలసివస్తుంది. పోనీ, తీగ లోపలికి పంపుదామంటే, ఆ రంధ్రం గుండా సూక్ష్మజీవులు చేరతాయి. తాబేటి డిప్ప దాని ఎముకలతో కలిసి పెరిగినది. విప్పి మూయటానికి వీలులేదు. మన చర్మమూ అంతే. దానిని తెరవకుండానే విద్యుత్తును లోపలికి పంపాలి.

దారి చూపినవాడు మైకేల్ ఫారడే. ఒక తీగచుట్టలో అయస్కాంతశక్తి మారుతూ ఉంటే, పక్క చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఆయన కనుగొన్నాడు. బిళ్ళలో ఒక చుట్ట, చర్మం కింద ఒక చుట్ట. రెండింటినీ ఎదురెదురుగా పట్టి ఉంచేవి అయస్కాంతాలు. శబ్దసమాచారం కూడా ఈ దారినే వెళుతుంది.

అందే శక్తి కొంచెమే. ఊయలను అదను చూసి తోస్తే, చిన్న తోపుకే ఎత్తుగా ఊగుతుంది కదా! అలాగే లోపలి చుట్టకు కెపాసిటర్ చేర్చి, బయటి తరంగానికి తాళం కలుపుతారు. వచ్చిన విద్యుత్తు అటూ ఇటూ పారుతుంది. డయోడు దానిని ఒకే దిక్కుకు మళ్ళిస్తుంది. బిళ్ళ కదిలితే శక్తి హెచ్చుతగ్గులవుతుంది. రెగ్యులేటరు దానిని అదుపులో ఉంచుతుంది. మిగిలిన శక్తి వేడిగా మారితే ప్రమాదం. అందుచేత, ఇటువంటి యంత్రం శరీరపు వేడిమికంటె 2 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కరాదని సాధారణ నియమం.

చాలా యంత్రాలలో ఈ భాగాలను టైటానియం పెట్టెలో మూస్తారు. కాని లోహం అయస్కాంతశక్తికి అడ్డుపడుతుంది. అందుకని చుట్టను మాత్రం పెట్టె వెలుపల, మెత్తని సిలికోనులో ఉంచుతారు.

"తాబేలు డిప్పలోంచి తల బయటపెట్టినట్టు!" అన్నాడు మావాడు.

పెద్దలకొక మాట: చెవుడును ఎంత త్వరగా గుర్తిస్తే, బిడ్డకు మాటలు అంత బాగా వస్తాయి. పిల్లలకొక మాట: మీ తరగతిలో ఇలాంటి బిళ్ళ పెట్టుకున్న స్నేహితుడు పిలిస్తే పలకలేదా? కోపగించుకోకండి. బిళ్ళ జారిందేమో చూడండి!