ఒకే గడియారం

మస్కట్‌లో ఎంత సమయమో మారిషస్‌లోనూ అంతే. నడుమ ఇంత సముద్రమున్నా గడియారం ఒక్కటే. 88 ఏళ్ళ మా అమ్మకు ఈ సంగతి ఎంతో ఇష్టం. ఫోను చేసినప్పుడల్లా "అక్కడ గంటెంతయింది?" అని క్రియోల్‌లో అడుగుతుంది. "ఇక్కడా ఆరే అమ్మా" అంటే, నేను పక్క ఊళ్ళోనే ఉన్నట్లు సంతోషిస్తుంది.

నిరుడు ఆమె స్నానాలగదిలో జారిపడింది. కంగారుపడతానని నాకు మూడవనాటి వరకు చెప్పలేదు. దుబాయి మీదుగా నేను చేరేసరికి తుంటి ఎముకకు శస్త్రచికిత్స కూడ అయిపోయింది. చీరచెంగు నడుముకు దోపుకొని మరదలు దుప్పటి మారుస్తున్నది. "మీరు కూర్చోండి వదినా" అన్నది. పుట్టింట అతిథినయ్యానని అప్పుడు తెలిసింది. డబ్బు పంపడం సులభమైన వంతు. నాకు దక్కినది అదే.

మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగులు' అన్న పేరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి వచ్చింది. కూలి ఒప్పందం మీద ఓడ ఎక్కిన మా తాతగారి తాత తన తల్లిని మళ్ళీ చూడలేదు. ఆమె ఎప్పుడు పోయిందో మా ఇంట ఎవరికీ తెలియదు.

ఆ కోరంగికి గౌతమీ పాయ ఆవలి ఒడ్డు కోనసీమ. అక్కడినుండి వచ్చిన ఒకామె మా వీధిలో ఒక వృద్ధురాలికి సేవ చేస్తున్నది. ఆమె మాటల్లో సగం నా సాయంకాల తరగతి పుస్తకాల్లో లేవు. తల్లి మందుల చీటీ ఫోనులో తెప్పించుకొని నాచేత చదివించుకుంటుంది. ఊళ్ళో ఆ తల్లిని చూసుకునేది పదిహేనేళ్ళ మనవరాలు. పరీక్షల నాళ్ళలో ఆ పిల్ల మందు వేయడం మరచిందని ఈమె ఫోనులో కసిరి, తరువాత మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "ఈ పెద్దామెకి కాళ్ళొత్తుతుంటే, మా అమ్మకి ఎవరొత్తుతున్నారో అనిపిస్తాదండి" అన్నది. పాఠాలు చెప్పి బ్రతికినదాన్ని. ఒక్క మాటా తోచలేదు. మందుల పేర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ఉదయానికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసి ఇచ్చాను.

ఒమాన్‌లో మనబోటివారి నివాసానుమతి ఉద్యోగంతో ముడిపడినది. బీరువా కొన్ననాడే దానిని ఎవరికి అమ్మాలో ఆలోచిస్తాము. మావారి ఉద్యోగం ఇంకొక ఏడాది ఉన్నది. నేను ఉగాదికి ముందే వెళ్తున్నాను. ఆయనకు వంట వచ్చు, పప్పు మాడ్చకుంటే చాలు.

మరదలికి ఇంకా చెప్పలేదు. అమ్మకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నాకు ఫోను ఎవరు చేస్తారు?" అన్నది.