ఫోన్‌ల ఉన్న ఆటో స్టార్టర్

ఈసారి బత్తాయి ధర గురించి కాదు, ఆడపిల్లలు మొఖానికి పూసుకునే క్రీముల డబ్బా గురించి రాస్తున్న. నవ్వకండ్రి. నాలుగు రూపాయలు తక్కువ పదహారు వందలు పోయినయి నావి.

మొన్న ఫిబ్రవరిల యూరియాకు పైసలు తీద్దామని బ్యాంకుకు పోయిన. పాస్‌బుక్కు ఎక్కిస్తే నవంబర్ నుంచి నెలనెలా ఐదో తారీఖున 399 చొప్పున నాలుగుసార్లు కట్ అయినట్టు ఉన్నది. మొదలు బీమా అనుకున్న. మే నెలాఖరుకు జీవన్ జ్యోతికి 436, సురక్ష బీమాకు 20 మన ఖాతాలకెళ్లి వాటంతట అవే పోతయి కదా, గసొంటిదే అనుకున్న. కౌంటర్ల ఉన్న సారు చూసి, "ఇది బీమా కాదు పెద్దాయనా, ఆటో పే. నీ ఫోన్ నుంచే ఒప్పుకున్నరు" అన్నడు. పేరు చూస్తే ఏదో బ్యూటీ కంపెనీ. నేను పౌడర్ రాసుకొని ఇరవై ఏండ్లయింది.

అప్పుడు యాదికొచ్చింది. దసరాకు మా చిన్నబిడ్డ ఇంటికి వచ్చినప్పుడు "నాయినా, ఒక్క 99 రూపాయలు కొట్టుకుంటా" అని నా ఫోన్ తీసుకున్నది. దిల్‌సుఖ్‌నగర్‌ల హాస్టల్ల ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటది. నాకు ఆ ఫోన్ల పిన్ పెట్టిచ్చిందే ఆమె. ఫోన్ చేసి అడిగిన. అవతల సప్పుడు లేదు. కొంచెం సేపటికి ఏడుపు. ఫోన్ల తిడితే ఏం లాభమని తెల్లారి బియ్యం మూట, మామిడికాయ తొక్కు పట్టుకొని బస్సెక్కిన.

ఎల్బీ నగర్‌ల దిగి మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. మధ్యల కొత్తపేట వస్తది. మనం బత్తాయి లోడ్లు దింపిన పాత పండ్ల మార్కెట్ జాగ అదే. ఇప్పుడు మార్కెట్ బాటసింగారం పోయింది, అక్కడ పెద్ద దవాఖాన కడుతున్నరు. ఆ గడ్డ మీద తరుగని, కమీషనని, హమాలీ అని మన పైసలు ఎంత కోసిండ్రో! అయినా చేతికి పట్టీ అన్నా ఇచ్చేటోళ్లు. ఇది పట్టీ గూడ లేని కోత అనుకుంట పోయిన.

లేడీస్ హాస్టల్లకు మగోళ్లను పోనియ్యరు. వాచ్‌మన్ స్టూల్ మీద కూసున్న. బిడ్డ రెండు డబ్బాలు పట్టుకొని కిందికి దిగింది. రెండూ సీల్ గూడ తియ్యలేదు. రూముల అందరు పిల్లలు తెప్పించుకుంటున్నరట, మొదటి డబ్బా 99కే అంటే తీసుకున్నదట. రెండో నెల 399 కట్ అయ్యేసరికి భయపడి, నాకు ఫోన్ చేసి "స్టోరేజీ నిండుతున్నది, ఆ యాప్ తీసేయి నాయినా" అన్నది. నేను తీసేసిన. అయినా డబ్బాలు వస్తనే ఉన్నయి. "వచ్చినప్పుడల్లా నీకు చెప్పాలనుకున్న, ధైర్యం రాలే" అన్నది. పోయినేడు కాయ రాలిపోయి మనకు ఎట్ల గడిచిందో ఆమెకు తెలుసు. అందుకే చెప్పలేదు. పదహారు వందల కన్నా ఈ మాటే నాకు ఎక్కువ గుచ్చుకున్నది. నేనేం అనలేదు. ఇద్దరం పక్కకున్న టీ కొట్టుకాడ కూసొని ఫోన్ తీసినం.

తేలింది ఏందంటే, యాప్ తీసేస్తే ఒప్పందం పోదు. మన బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండె కదా, మనం బాయికాడ లేకున్నా కరెంట్ రాంగనే మోటార్ ఎక్కుతది. ఇది గూడ అంతే. మనం యాప్ తీసేసుడంటే బాయికాడికి పోవుడు బంద్ చేసినట్టు, మోటార్ తన పని తను చేసుకుంట పోతది. మొదటిసారి పిన్ కొట్టినప్పుడే నెలనెలా కోసుకోమని ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత 15,000 దాకా మళ్ల పిన్ గూడ అడగదు.

తియ్యాలంటే మనం పైసలు పంపే యూపీఐ యాప్‌లనే తియ్యాలె. మన ఫోటో ఉండే ప్రొఫైల్ నొక్కితే ఆటోపే అని ఉంటది. అండ్ల ఎవరెవరికి ఒప్పుకున్నమో లిస్టు వస్తది. కంపెనీ పేరు నొక్కి క్యాన్సిల్ కొట్టి పిన్ కొట్టాలె. పాజ్ అని గూడ ఉంటది, దాన్ని నమ్మొద్దు, కొన్నాళ్లు ఆగి మళ్ల ఎక్కుతది. కార్డు నంబర్ ఇచ్చినోళ్లయితే కార్డు ఇచ్చిన బ్యాంకుల రద్దు చేయించాలె.

దీంతోని సగం పనే అయితది. ఆరు నెలల ప్లాన్ గిట్ల ఒప్పుకొని ఉంటే కంపెనీ మనల్ని బాకీ అడగొచ్చు. అందుకని వాళ్ల సైట్లకు పోయి అక్కడ గూడ రద్దు చేసినం. అది మాత్రం శానా తిప్పలు పెట్టింది. క్యాన్సిల్ అంటే "ఒక నెల ఆపుకుంటరా" అంటది, వద్దంటే "గిఫ్ట్ పోతది" అంటది, మళ్ల "ఎందుకు పోతున్నరు" అంటది. అసలు మీట సన్నగ, బూడిద రంగుల, అడుగున ఉన్నది. ఇట్ల చేసుడు తప్పని 2023 నవంబర్‌ల కేంద్రం నిబంధనలే తెచ్చింది. అండ్ల చెప్పిన 13 రకాల మోసాలల్ల సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. రద్దయినట్టు వచ్చిన పేజీ ఫోటో తీసి, అదే సంగతి కంపెనీకి మెయిల్ గూడ పెట్టిచ్చిన.

ఒక్కటి మాత్రం నా తప్పు. పైసలు కోసే 24 గంటల ముందు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉన్నది. వెతికితే నాలుగు మెసేజ్‌లూ నా ఫోన్లనే దొరికినయి. లోన్ ఇస్తం, ప్లాట్ కొనుండ్రి అనే మెసేజ్‌ల నడుమ ఇంగ్లీషుల ఉన్నయి. ఇంటర్ చదివినోన్ని, చదవలేక కాదు, చూడలేదు అంతే.

నాలుగో నెల డబ్బా ఇంకా పంపనే లేదు, పైసలు మాత్రం కోసిండ్రు. దానికోసం 1915కు ఫోన్ చేసిన, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులనే మాట్లాడిండ్రు, నంబర్ ఇచ్చిండ్రు. పన్నెండు రోజులకు 399 వాపస్ వచ్చింది. ముందటి మూడు రాలేదు, డబ్బాలు ముట్టినయి కదా అన్నరు. గూగుల్ల కస్టమర్ కేర్ నంబర్ వెతికి మాత్రం ఫోన్ చెయ్యకండ్రి, దొంగలు ఆడనే కూసుంటరు. పైసలు వాపస్ రావాలంటే పిన్ కొట్టు అన్నరంటే ఫోన్ పెట్టేయండ్రి.

ఇంటికొచ్చినంక మా ఇంటామె ఫోన్ల ఆటోపే గూడ తీసి చూసిన. సినిమాల యాప్ ఒకటి 149 తింటున్నది. కొడుకును అడిగితే తల గోక్కున్నడు.

మార్చి ఐదో తారీఖు పొద్దటిసంది మెసేజ్ కోసం చూసిన. రాలేదు. సీల్ తియ్యని ఆ రెండు డబ్బాలు నాతోనే ఊరికి వచ్చినయి. వాటిల ఉన్న క్రీమ్ మా ఇంటామె కాళ్ల పగుళ్లకు రాస్తున్నది. మొఖానిదట అది. మంచిగనే పనిచేస్తున్నది అంటున్నది.