అమానత్ సైకిలూ, వంగిన హ్యాంగరూ



మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ హాస్టల్‌కు పోతూ తన గేర్ సైకిల్ మా ఇంట్లో పెట్టిపోయాడు. "మామూ, తమ్ముణ్ణి తొక్కుకోమనండి. కానీ ఇది అమానత్, సలామత్‌గా నాకు వాపస్ ఇవ్వాలి" అన్నాడు నవ్వుతూ. ముందు మూడు, వెనక ఏడు, మొత్తం 21 గేర్లు. ఎనిమిదో తరగతి చదివే మా చిన్నోడికి ఆ రోజే ఈద్ వచ్చేసింది.

రెండు నెలలు బాగానే నడిచింది. ఒక సాయంత్రం అసర్ నమాజ్ చదువుకుని ఇంటికొచ్చేసరికి సైకిల్ గోడకు ఆనించి ఉంది. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పితే కటకటమని చప్పుడు. చెయిన్ ఒక పళ్ల చక్రం మీద కుదురుగా నిలవకుండా పక్కదాని మీదికి ఎగబాకుతోంది.

"గిరాయా క్యా రే?" అని గద్దించాను.

"నై అబ్బా. ఆపీచ్ హో గయా."

దానంతటదే అయ్యిందట! నమ్మలేదు. కానీ మగ్రిబ్ అజాన్ అయ్యేలోపు బాగుచేసేద్దామన్న జిద్‌లో ఆ మాట అక్కడే వదిలేశాను.

సెల్‌లో ఒక వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. చెయిన్‌ను ఒక గేరు మీంచి ఇంకో గేరు మీదికి జరిపే వెనక పరికరం పేరు డిరెయిలర్. దానికి రెండు చిన్న స్క్రూలుంటాయి. హెచ్ అనే స్క్రూ చెయిన్ చిన్న చక్రం దాటి బయటికి పడకుండా ఆపుతుంది. ఎల్ అనే స్క్రూ పెద్ద చక్రం దాటి పుల్లల్లోకి పోకుండా ఆపుతుంది. అంటే రెండూ హద్దులు మాత్రమే. ఆ సంగతి నాకప్పుడు సరిగ్గా తెలియదు. చిన్న చక్రం మీద చెయిన్ నిలవడం లేదని హెచ్ వదులు చేశాను, కేబుల్ కూడా కొంచెం వదులు చేశాను. ఇప్పుడు పెద్ద చక్రం ఎక్కడం లేదు. సరే అని ఎల్ కూడా వదులు చేశాను. అన్ని గేర్లూ పడ్డాయి. చప్పుడు కొంచెం మిగిలింది. "చూశావా, నీ అబ్బా మెకానిక్ అయిపోయాడు" అని గొప్పలు పోయాను.

మరుసటి రోజు వాడు ట్యూషన్ నుంచి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు తేలికగా ఉంటుందని పెద్ద చక్రం మీదికి గేరు వేశాడట. పుల్లలకు ఏదో తగిలి టిక్ టిక్ టిక్ అందట. దిగేశాడు.

వాడు మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. డిరెయిలర్ పుల్లల్లో చిక్కుకుంటే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. ఆ బ్రిడ్జి మీద లారీలు పోతుంటాయి. ఉన్న హద్దును నా చేతుల్తోనే నేను వదులు చేసి పంపాను. అల్లాహ్ కాపాడాడు. అల్హందులిల్లాహ్.

ఆదివారం పొద్దున సైకిల్‌ను మా వీధి చివర ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాము. నేను గేర్ల కథంతా చెబుతుంటే ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. సైకిల్ వెనక గొంతుకూచుని, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత మా వాణ్ణి పిలిచి తన పక్కన కూచోబెట్టుకున్నాడు.

"చూడు బేటా. డిరెయిలర్‌లో ఈ రెండు చిన్న చక్రాలున్నాయే, వెనక నుంచి చూస్తే ఇవి ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉండాల. పైన పళ్ల చక్రంతో ఒకే గీతలో ఉండాల. ఇక్కడ కిందిది పుల్లల వైపు వాలింది. ఏ పక్క పడ్డావు?"

"సీదే బాజూ, ఉస్తాద్."

అంతే, నిజం బయటికొచ్చింది. నేను 'పడేశావా' అని అడిగితే వాడికి నా గుస్సా కనబడింది. ఆయన 'ఏ పక్క' అని అడిగితే జవాబు చెప్పడమే పని అయ్యింది. ఆయన వాడి ఫుల్ చేతుల చొక్కా పైకి మడిచాడు. కుడి మోచెయ్యి గీరుకుపోయి పక్కు కట్టి ఉంది. రెండు రోజులు నేను స్క్రూలు చూశాను గానీ నా కొడుకు మోచెయ్యి చూడలేదు.

వంగింది డిరెయిలర్ కాదు, దాన్ని ఫ్రేముకు వేలాడదీసే చిన్న ముక్క. దాన్ని హ్యాంగర్ అంటారు. మా సైకిల్‌కు అది విడిగా వచ్చే అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తానే వంగడానికో విరగడానికో దాన్ని అలా మెత్తగా చేస్తారు. ఏడు గేర్ల సైకిల్‌లో ఒక పళ్ల చక్రానికీ పక్కదానికీ మధ్య దూరం దాదాపు 5 మిల్లీమీటర్లు. హ్యాంగర్ రెండు మూడు మిల్లీమీటర్లు వాలినా లెక్క తప్పుతుంది. వాలిన దాని మీద స్క్రూలు ఎంత తిప్పినా ఒక గేరు కుదిరితే ఇంకోటి చెడుతుంది.

హ్యాంగర్ సరిచేయడానికి ప్రత్యేకమైన గేజ్ ఉంటుంది. ఉస్తాద్ దగ్గర అది లేదు. ఆయన 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరెయిలర్ విప్పాడు. పాత గేర్ సైకిల్‌ది, క్విక్ రిలీజ్ ఉన్న వెనక చక్రం ఒకటి తెచ్చి, దాని యాక్సిల్ మరను హ్యాంగర్ రంధ్రంలో బిగించాడు. రెండింటి మరా ఒకటేనట. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన నిలబడ్డాయి. పైన, కింద, ముందు, వెనక రిమ్ముల మధ్య సందు సమానంగా ఉండాలి. కింద వేలెడు తక్కువగా ఉంది. బిస్మిల్లా అని, ఆ చక్రాన్నే పట్టుకుని నెమ్మదిగా లాగాడు. చూశాడు, మళ్లీ కొంచెం లాగాడు. నాలుగు చోట్లా సమానమయ్యాక ఆపేశాడు.

ఆ తర్వాతే స్క్రూల పని. వెనక చక్రం ఫ్రేములో సరిగ్గా కూచుందా, కేబుల్ ఎక్కడైనా నలిగిందా చూశాడు. చిన్న చక్రం దగ్గర హెచ్, పెద్ద చక్రం దగ్గర ఎల్ హద్దులు పెట్టాడు. చివర్న కేబుల్ బిగువు. ఒక్క క్లిక్కుకు చెయిన్ పైచక్రం ఎక్కకపోతే కేబుల్ కొన దగ్గరి గుండ్రటి మరను పావు చుట్టు బయటికి తిప్పాలి. దిగడానికి మొరాయిస్తే లోపలికి తిప్పాలి.

"ఇది ఒకసారి వంగి లేచింది సాబ్. మళ్లీ మళ్లీ వంచితే పగులుతుంది. కొత్తది తెప్పించుకోండి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రూపం ఉంటాది, పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకోని కొనండి" అన్నాడు. మా వాడితో "పడుకోబెడితే ఎడమ పక్కకే పడుకోబెట్టు, గేర్లు కుడి పక్క ఉంటాయి" అని చెప్పి పంపాడు.

దారిలో "ఎందుకు దాచావు రా?" అని అడిగాను. ఈసారి గొంతు తగ్గించే అడిగాను. "భయ్యా అమానత్ అన్నాడు కదా అబ్బా. మీరు గుస్సా చేస్తారని" అన్నాడు. సైకిల్ కూడా అమానతే, నిజమే. మరి వీడు? అల్లాహ్ నా చేతికిచ్చిన అమానత్ కాదా? నా దగ్గర జవాబు లేదు. "ముజే మాఫ్ కర్ బేటా" అన్నాను. వాడు కంగారుపడి నా ముఖంలోకి చూశాడు.

ఆ రాత్రి ఇషా తర్వాత వాడే హాస్టల్‌కు ఫోన్ చేశాడు. పడింది, వంగింది, ఉస్తాద్ సరిచేశాడు, కొత్త హ్యాంగర్ మేమే కొనిస్తాము అని అంతా చెప్పాడు. అవతల మాట నాకు వినబడలేదు. మా వాడు మాత్రం చొక్కా చెయ్యి పైకి మడిచి, ఫోన్లో కనబడదని మర్చిపోయి, "ఇదిగో భయ్యా, ఇంతే తగిలింది" అని మోచెయ్యి చూపిస్తున్నాడు.

మీ పిల్లల సైకిల్ పడిందంటే ముందు పిల్లాణ్ణి చూడండి. ఆ తర్వాత వెనక కూచుని హ్యాంగర్ చూడండి. స్క్రూడ్రైవర్ ఆఖర్న తీయండి.