సుపేలాలో ఈనాటి మాట

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలోను, రైల్వే స్టేషన్లలోను గోడమీద ఒక చిన్న పలక కనబడుతుంటుంది. పైన ‘ఆజ్ కా శబ్ద్’ అనే శీర్షిక. దాని క్రింద ఒక హిందీ మాట, ప్రక్కనే దాని ఇంగ్లీషు అర్థం. మరునాటికి ఆ మాట చెరిగిపోయి ఇంకొకటి వెలుస్తుంది. చాలామంది దానిని చూడకుండానే సాగిపోతారు. హిందీ సీమలో కాపురమున్న తెలుగువాడు మాత్రం ఒక్కొక్కప్పుడు అక్కడ నిలబడిపోతాడు. పలకమీది మాట తన ఇంటిదే. అర్థం మాత్రం పరాయిది!

ఈ వింతను తీరికగా చూడదలచినవారు భిలాయిలోని సుపేలాకు వెళ్లాలి.

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కార్మికుల కోసం గీత గీసినట్లు సెక్టార్లు వెలిసినవి. రైలు పట్టాలకు ఆవలివైపు, గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు ప్రక్కన ఉన్నది సుపేలా. సెక్టార్ల పొందిక దీనికి లేదు, ఇది బజారు. ఆదివారం సంతనాడు కూరగాయలు, బట్టలు, ఇనుప సామాను, పాత సామాను అన్నీ రోడ్డు మీదికే వస్తాయి.

ఆ జనంలో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931 నాటికే పూర్తయింది. ఆ దారి పట్టుకొని ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు భిలాయి చేరినవి. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి గుర్తు.

అలా వచ్చినవారికి ఎదురైన మొదటి పాఠం ‘ఉద్యోగం’. వారు వచ్చింది ఉద్యోగం కోసమే. తీరా చూస్తే ఇక్కడ ‘ఉద్యోగ్’ అంటే పరిశ్రమ! ఊరిలో వదలి వచ్చిన వ్యవసాయం ఇక్కడ ‘వ్యవసాయ్’గా మారి వ్యాపారమో వృత్తో అయింది. అవకాశం దొరికిందని సంతోషిస్తే, హిందీలో ‘అవకాశ్’ అంటే సెలవు. తెలుగువాడు ఉపన్యాసం వింటాడు. హిందీవాడు ‘ఉపన్యాస్’ చదువుతాడు, అది నవల గనుక. తెలుగువాని అనుమానం హిందీలో అంచనా. తెలుగువాని చరిత్ర హిందీలో శీలం.

వీటిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. మహాభారతంలోని ఉద్యోగపర్వం కొలువుల కథ కాదు, యుద్ధ సన్నాహాల కథ. ఆ పూనికను తెలుగువారు నెలజీతానికి, హిందీవారు కర్మాగారానికి ముడిపెట్టారు. ఒకే తల్లి బిడ్డలు చెరొక ఊరిలో పెరిగినట్లు, ఒకే మాట రెండు బ్రతుకులు బ్రతికింది.

సంతలో దీనికి ఎదురు ఉదాహరణలు కూడ దొరుకుతాయి. తెలుగువారి బాల్చీ హిందీవారి బాల్టీ. మన మేస్త్రి వారి మిస్త్రీ. అర్థంలో తేడా లేదు. కారణం, ఈ రెండూ పోర్చుగీసువారు ఓడలలో తెచ్చిన మాటలు. హిందీలో ఉక్కును సూచించే ‘ఇస్పాత్’ సైతం, కత్తి అనే అర్థమున్న పోర్చుగీసు మాట ‘ఎస్పాద’ నుంచి వచ్చిందంటారు.

మరి మన ‘ఉక్కు’ సంగతి? అది చేసిన ప్రయాణం ఇంకా పెద్దది. దక్షిణ భారతంలో మూసలలో కరిగించి తీసిన మేలిరకం ఉక్కును గురించి 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. దానిని ఆయన ‘వూట్జ్’ అన్నాడు. కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ అనే మాటే ఇలా మారిందని పండితుల అభిప్రాయం. తెలంగాణలోని కోనసముద్రంలో ఆ ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు పనిగట్టుకొని వచ్చేవారు. రైలు పట్టాలు చేసే భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గర్వంగా చెప్పుకోదగిన కథ ఇది.

అయితే ఎవరికి చెప్పాలి? మొదట వచ్చినవారి మనుమలు హిందీలో చదివి, హిందీలో ఆడుకొని పెరిగినవారు. వారిలో ఎందరికో తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. తాతగారు దాచుకొన్న ఉత్తరాలు వారికి అక్షరాలు కావు, ముగ్గులు. తాతగారు “ఎందుకింత ఆలస్యం?” అంటే, తనను సోమరి అన్నారని మనుమడు చిన్నబుచ్చుకొంటాడు, హిందీలో ‘ఆలస్య్’ అంటే సోమరితనం మరి. మాట ఒకటే అయినచోట మనసులు తప్పిపోవడం ఇలాగే.

ఈ దూరాన్ని పెద్ద గ్రంథాలు దాటించలేకపోవచ్చు. రోజుకొక మాట దాటించగలదు. బాల్చీ చేతికిచ్చేటప్పుడు దాని కథ, ఉక్కు కర్మాగారం ప్రక్కగా నడిచేటప్పుడు ఉక్కు కథ, పలుపులు తరిగేటప్పుడు వ్యవసాయం కథ చెప్పడానికి బడి అక్కరలేదు, పలక అక్కరలేదు.

సంత నుంచి తిరిగివచ్చే దారిలో మనుమరాలు అడుగుతుంది: “అమ్మమ్మా, శిక్ష అంటే చదువు కదా! నువ్వు దెబ్బలంటావేమిటి?”

అమ్మమ్మ సంచీ చేయి మార్చుకొంటుంది. “చదువే, తల్లీ. మా బడిలో మాత్రం రెండూ కలిపే ఇచ్చేవారు.”

ఆనాటి మాట అయిపోయింది. రేపటికి మరొకటి.