ఆ తల్లి అడిగిన ప్రశ్న

ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగము కాదు. కాపరిగా నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు వలన నేను నేర్చుకొన్న సంగతుల గురించి వ్రాస్తున్నాను.

2016 వేసవిలో అది సంస్కారపు ఆదివారం. కృష్ణా డెల్టాలోని మా పల్లె మందిరము నిండిపోయింది. అంతకు ముందు వారమే కొత్త సౌండు బాక్సులు తెచ్చుకొన్నాము. డోలక్, తాళాలు మొదలు కాగానే అయిదేళ్ళ బాబు ఒకడు రెండు చెవులూ మూసుకొని కేక పెట్టి నేలమీద పడి దొర్లసాగాడు. తల్లి ఎంత సముదాయించినా ఊరుకోలేదు. ముందు వరుసలోని సంఘపెద్ద నావైపు చూశారు. నేను మైకులోనే, "పిల్లల్ని అదుపులో పెట్టుకోలేనివారు దయచేసి బయటికి తీసుకువెళ్ళండి" అన్నాను. ఆమె బాబును చంకనెత్తుకొని, సంస్కారము తీసుకోకుండానే వెళ్ళిపోయింది. తరువాత ఎనిమిది ఆదివారాలు ఆమె రాలేదు.

నా భార్య నాతో, "మాట అన్నది మీరు. వెళ్ళవలసిందీ మీరే" అన్నది. ఇద్దరమూ వెళ్ళాము. పట్టపగలే లోపల గొళ్ళెం పెట్టి ఉన్నది. తలుపు తీసి ఉంటే పిల్లవాడు పంటకాలువ వైపు పరుగెత్తుతాడట. భర్త హైదరాబాదులో తాపీపని చేస్తూ నెలకొకసారి వస్తాడు. రాత్రులు బాబు నిద్రపోడు కాబట్టి తల్లికీ నిద్ర లేదు. మేము కూర్చోగానే అత్తగారు, "మా వంశంలో ఇలాంటివాళ్ళు లేరండి. ఈవిడ బిడ్డతో సరిగా మాట్లాడకపోబట్టే వాడికి మాట రాలేదు" అన్నది.

ఆ సహోదరి అత్తగారికి జవాబు చెప్పలేదు. నన్నే అడిగింది: "అయ్యగారూ, రెండేళ్ళ క్రితం మీరు చెప్పినట్టే ఉపవాసాలున్నాను. గుర్తున్న తప్పులన్నీ ఒప్పుకొన్నాను. ఇంకా నాలో ఏ పాపం మిగిలిపోయిందో మీరే చెప్పండి."

నా తల వంగిపోయింది. బాబుకు మూడేళ్ళు నిండినా మాటలు రాలేదని 2014 లో ఆమె నా దగ్గరకు వచ్చినమాట నిజమే. దాచిన తప్పు ఏదైనా ఉంటే ఒప్పుకొని ప్రార్థించమని చెప్పి పంపింది నేనే. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఎవరిదీ కాదన్న సంగతి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! అయినా మా ఊరి గుమ్మంలో ఆ శిష్యుల ప్రశ్ననే నేను మళ్ళీ వేశాను. నా మాట వలన ఆ బిడ్డకు రెండేళ్ళు పోయినవి. ఆ రెండేళ్ళు ఎంత విలువైనవో నాకు తరువాత తెలిసింది.

మరుసటి వారం వారితో కలిసి బస్సెక్కి జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే గుర్తించి సహాయం చేసే కేంద్రం అక్కడ ఉన్నది. డాక్టరమ్మగారు బాబును గంటసేపు ఆడించి, పరీక్షించి, ఇది ఆటిజం అని చెప్పారు. ఇది దయ్యమూ కాదు, అంటుకొనే రోగమూ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. దానిలో వంశపారంపర్య లక్షణాల పాత్ర పెద్దది. పెంపకం వలన వచ్చేది కాదు. ఇలాంటి పిల్లల్లో కొందరికి మామూలు శబ్దం కూడా చెవిలో మేకు దిగినట్టు ఉంటుందని ఆమె అన్నప్పుడు మా సౌండు బాక్సులు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

ఆ తరువాత ఈ విషయమై దొరికినవి చదివాను. తల్లిని నిందించడం మా పల్లెలో పుట్టిన అలవాటు కాదు. 1943 లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి వ్రాశాడు. ఆ తరువాత చాలా ఏళ్ళు గొప్ప చదువులు చదివినవారే, తల్లి మనసు మంచుగడ్డలా ఉండబట్టే బిడ్డ ఇలా అయ్యాడని చెప్పారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967 లో వ్రాసిన పుస్తకం ఆ నిందను లోకమంతా వ్యాపింపజేసింది. ఎందరు తల్లులు ఆ నిందను మోస్తూ కన్నుమూశారో!

దానిని ఎదిరించినవారిలో ఒక తండ్రి ఉన్నాడు. బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన కొడుకుకు ఆటిజం ఉన్నది. ఇది శరీర సంబంధమైనదే గాని తల్లి తప్పు కాదని 1964 లోనే ఆయన పుస్తకం వ్రాశాడు. నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. తల్లిదండ్రులను దోషులుగా కాక, బిడ్డకు నేర్పే పనిలో తోటి ఉపాధ్యాయులుగా కూర్చోబెట్టుకొన్నాడు. ఆ పద్ధతి 1972 లో ఆ రాష్ట్రమంతటికీ ప్రభుత్వ కార్యక్రమమయింది. మన దేశంలో మెర్రీ బరువా అనే తల్లి 1991 లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను ప్రారంభించారు. ఆమె కుమారునికీ ఆటిజం ఉన్నది.

మాలాంటి పల్లెలవారికి ధైర్యమిచ్చే సంగతి మరొకటి ఉన్నది. ఇంగ్లండులో 152 మంది చిన్నపిల్లల కుటుంబాలతో ఒక పరిశోధన జరిగి 2010 లో ప్రచురితమయింది. తల్లి బిడ్డతో ఆడుకొంటుండగా వీడియో తీస్తారు. తరువాత తల్లిని కూర్చోబెట్టి దానిని చూపిస్తారు. "ఇదిగో, ఇక్కడ బాబు మీవైపు చూశాడు. అప్పుడు మీరు ఏమి చేశారు?" అని అడిగి, బిడ్డ ఇచ్చే చిన్నచిన్న సైగలను పట్టుకోవడం నేర్పిస్తారు. మన దగ్గర అంతమంది నిపుణులు ఎక్కడున్నారు? అందుచేత అదే పద్ధతిని మన గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలతో పరీక్షించారు. నేర్పింది పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలలలో పన్నెండుసార్లు కూర్చున్నారు. 2016 లో ఫలితాలు వచ్చినవి. తల్లిదండ్రులు బిడ్డ తీరును అందుకొని స్పందించడం పెరిగింది. బిడ్డలు తామే ముందుగా పలకరించడం కూడా పెరిగింది. ఆటిజం పోయిందని ఎవరూ చెప్పలేదు. కాని ఏ తల్లిని కారణమని నిందించారో, ఆ తల్లే నేర్పే చేయిగా నిలబడగలదని రుజువయింది.

మా సహోదరికి ఆసుపత్రిలో నేర్పిన విషయాలు కూడా ఇలాంటివే. ఒక్కసారి పది మాటలు చెప్పవద్దు, రెండు చాలు. చెప్పి ఆగండి, బిడ్డకు సమయమివ్వండి. వాడు దేనిని చూస్తున్నాడో మీరూ దానినే చూచి దాని పేరు చెప్పండి. లేవడం, పళ్ళు తోముకోవడం, అన్నం, బడి, నిద్ర అన్నీ బొమ్మలుగా గీసి గోడకు వరుసగా అంటించండి. తరువాత ఏమి జరుగబోతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఆమె ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి. అయినా ఆ బొమ్మలన్నీ తానే గీసింది. మండలంలోని భవిత కేంద్రము టీచరుగారు సహాయపడ్డారు.

ఒక సాయంత్రం నేను ఆమెను, "అమ్మా, సంఘము మీకు ఏమి చేయాలి?" అని అడిగాను. ప్రార్థన చేయమంటుందనుకొన్నాను. "రోజుకు రెండు గంటలు నిద్రపోవాలని ఉందండీ అయ్యగారూ" అన్నది. స్త్రీల సమాజమువారు నలుగురు వంతులు వేసుకొన్నారు. ఇద్దరేసి వెళ్ళి బాబు దగ్గర కూర్చుంటే ఆమె పడుకొనేది. మొదటి రోజు కోడలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం చూచి అత్తగారు కంట నీరు పెట్టుకొన్నదట. ఆ తరువాత ఆమె నోట నింద వినలేదు.

మందిరములో సౌండు తగ్గించాము. పక్క తలుపు దగ్గర ఒక చాప వేశాము. పాట, ప్రార్థన, వాక్యము, ఇల్లు అని నాలుగు బొమ్మల అట్ట వాడి చేతికిచ్చాము. విసుగు పుడితే వేపచెట్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగి వస్తాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఏ మైకులో ఆమెను బాధపెట్టానో, అదే మైకులో సంఘమంతటి ఎదుట నేను క్షమాపణ అడిగాను.

ప్రియులారా, మీ ఇంట ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, ఏడాదిన్నరకు కూడా వేలితో ఏదీ చూపించకపోతే, వచ్చిన మాటలు పోతే, "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి" అని ఊరుకోవద్దు. ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగి జిల్లా కేంద్రానికి వెళ్ళండి. 1984 లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజం కూడా చేరింది కాబట్టి ధ్రువపత్రం తీసుకోండి. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు బీమా ఉన్నది. పూర్తిగా నయం చేస్తామని డబ్బు గుంజేవారిని నమ్మవద్దు. టీకాల వలన ఆటిజం వస్తుందనే మాటనూ నమ్మవద్దు. ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని, దానిని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010 లో రద్దు చేసింది.

ఆ బాబుకు ఇప్పుడు మీసకట్టు వస్తున్నది. మాటలు కొన్నే. అన్నం, నీళ్ళు, అమ్మ, ఇల్లు. ఇంకా కొన్ని రాత్రులు నిద్ర ఉండదు. తాను పోయాక వీడి గతి ఏమిటని తల్లి అడుగుతూనే ఉంటుంది. దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అయితే పాపమెవరిదని మాత్రం ఆమె ఇప్పుడు అడగడం లేదు.

మీ సంఘములో కూడా లోపల గొళ్ళెం పెట్టుకొన్న ఇల్లు ఒకటి ఉండవచ్చును. ఈ వారం ఆ తలుపు తట్టండి. బోధించడానికి కాదు; ఆ తల్లి కాసేపు పడుకొంటే, బిడ్డ దగ్గర కూర్చోవడానికి.